చార్ల్స్‌టన్ వెళ్తే ఎక్కడ కూర్చోవాలి, ఏం తినాలి

మా అమ్మ కరీంనగర్ నుంచి మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు సౌత్ కరోలినాలోని చార్ల్స్‌టన్ తీసుకెళ్ళాం. రెస్టారెంట్‌లో అక్కడి ఫేమస్ వంటకం, ష్రింప్ అండ్ గ్రిట్స్ తెప్పించాం. తెల్లగా, మెత్తగా, పైన నాలుగు రొయ్యలతో గిన్నె వచ్చింది. అమ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుని నా వైపు చూసి, "గిది మన మక్క గట్కనే గదరా! గింత దూరం వచ్చి గట్క తినుడేంది?" అంది. అంటూనే గిన్నె ఖాళీ చేసింది.

అమ్మ చెప్పింది నిజమే. గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వ ఉడకబెట్టిన ముద్ద. ఆ రోజు నుంచి ఆ ఊరి మెనూని నేను వేరేగా చదవడం మొదలుపెట్టాను. అన్నం, బెండకాయ, బొబ్బర్లు, నువ్వులు, రొయ్యలు, పీతలు, ఉడకబెట్టిన పల్లికాయ... పేర్లు మారాయి తప్ప ఇవన్నీ మనకి తెలిసినవే. నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఉంటాం కాబట్టి ఏడాదికి ఒకటి రెండు సార్లు వెళ్తుంటాం. దాదాపు 200 మైళ్ళు, మూడున్నర గంటల దారి. అట్లాంటా నుంచి అయితే ఐదు గంటలు పడుతుంది. లాంగ్ వీకెండ్‌కి వెళ్దామనుకునే మన వాళ్ళ కోసం, మేము డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నవి కూడా కలిపి రాస్తున్నాను.

1. ముందు రోజులు చూసుకోండి

వీలైతే శుక్రవారం మధ్యాహ్నానికే ఊళ్ళో ఉండేలా బయల్దేరండి. అసలు సిసలు స్థానిక భోజనం పెట్టే చిన్న హోటళ్ళు చాలావరకు మధ్యాహ్నం తెరిచి సాయంత్రానికి కట్టేస్తాయి. కొన్ని శని, ఆదివారాలు తెరవవు. అందరూ శనివారం పొద్దున వెళ్ళి, టూరిస్టులు తినే చోటే తిని, "ఏముందక్కడ, అంతా వేపుళ్ళే" అని తిరిగొస్తారు.

ఇంకో సంగతి, మన ఇళ్ళలో శనివారం నీసు ముట్టని వాళ్ళు ఉంటారు. మా నాన్న అంతే. రొయ్యల ఊరికి శనివారం వెళ్తే ఆయన పస్తే. అందుకే మేము శుక్రవారం రాత్రి, ఆదివారం మధ్యాహ్నం భోజనాలు గట్టిగా ప్లాన్ చేసుకుంటాం. శనివారం తిరగడానికి ఉంచుతాం.

కాలం కూడా చూడండి. ఆయిస్టర్లకి, అంటే తినే ఆల్చిప్పలకి, చలికాలం మంచిది. మార్చి చివర, ఏప్రిల్‌లో కొద్ది వారాల పాటు పాత పెంకు వదిలి మెత్తగా ఉన్న పీతలు దొరుకుతాయి. వాటిని పెంకుతో సహా వేయించి ఇస్తారు, కొరికి తినేయడమే. స్థానిక రొయ్యలు వేసవి నుంచి డిసెంబరు దాకా బాగుంటాయి. జులై, ఆగస్టులో మాత్రం నెల్లూరు ఉక్కపోత గుర్తొస్తుంది. పిల్లలతో, పెద్దవాళ్ళతో అప్పుడు వద్దు.

2. టేబుల్ బుక్ చేసుకోండి, లేదంటే ఐదింటికే వెళ్ళండి

చార్ల్స్‌టన్ 1670లో మొదలైన ఊరు. పదేళ్ళకి ఆష్లీ, కూపర్ నదుల మధ్య ఉన్న ఇప్పటి చోటుకి మారింది. పాత ఇళ్ళనే రెస్టారెంట్లుగా మార్చారు కాబట్టి లోపల టేబుళ్ళు తక్కువ. 2003లో మొదలైన ఫిగ్, 2010లో క్వీన్ స్ట్రీట్‌లో పాత ఇంట్లో పెట్టిన హస్క్ లాంటి పేరున్న చోట్లకి కొన్ని వారాల ముందే బుక్ చేసుకోవాలి. హస్క్ మొదలైనప్పుడు దక్షిణాది రాష్ట్రాల్లో పండని సరుకు వంటింట్లోకి రానివ్వకూడదని నియమం పెట్టుకున్నారు. దాంతో స్థానిక విత్తనాల మీద, పాత వంటల మీద దేశమంతా చర్చ నడిచింది.

బుకింగ్ దొరక్కపోతే కంగారు పడకండి. ఇద్దరే అయితే సాయంత్రం తలుపులు తెరిచే వేళకి వెళ్ళి బార్ దగ్గర సీట్లు అడగండి, అదే మెనూ అక్కడా ఇస్తారు. మనం మూడు కుటుంబాలు కలిసి పన్నెండు మందిమి వెళ్తాం కదా, అప్పుడు మాత్రం ఈ చిట్కా పనిచేయదు. ముందే ఫోన్ చేసి గ్రూప్ అని చెప్పండి. మేము ఒకసారి చెప్పకుండా వెళ్ళి, గంటన్నర ఫుట్‌పాత్ మీద నిలబడి, చివరికి పిజ్జా తిని పడుకున్నాం.

3. మొదటి భోజనం అన్నంతో మొదలుపెట్టండి

చాలా గైడ్లు మిమ్మల్ని సీఫుడ్ ప్లాటర్ దగ్గరికి తీసుకెళ్తాయి. నా మాట వినండి, అన్నం దగ్గర మొదలుపెట్టండి. ఈ ఊరు కట్టింది బియ్యం డబ్బుతో.

1600ల చివర్లో ఇక్కడ వరి మొదలైంది. ఆ నేలలో వరి ఎలా పండించాలో తోటల యజమానులైన ఇంగ్లీషు వాళ్ళకి తెలియదు. తెలిసింది పశ్చిమ ఆఫ్రికా వాళ్ళకి. సెనెగాంబియా, సియెర్రా లియోన్ ప్రాంతాల్లో తరతరాలుగా వరి పండించిన జనాన్ని బానిసలుగా పట్టి తెచ్చారు. సముద్రం ఆటుపోట్లతో పైకి వచ్చే నది నీటిని తూములతో పొలాల్లోకి పెట్టి, తీసి, దోమల మధ్య నడుం లోతు బురదలో వాళ్ళు పండించిన వరే కరోలినా గోల్డ్. పండిన గింజ పొట్టు బంగారు రంగులో ఉంటుంది కాబట్టి ఆ పేరు. రోట్లో వేసి రోకలితో దంచి, చేటల్లో చెరిగేవాళ్ళు. సిటీ మార్కెట్‌లో ఇప్పుడు మీరు చూసే స్వీట్‌గ్రాస్ గడ్డి బుట్టల అల్లిక ఆ చేటల అల్లికే. బుట్ట ధర విని నోరు తెరవకండి, ఒక్కోటి అల్లడానికి రోజులు, వారాలు పడుతుంది. బేరం ఆడకండి.

ఆ జనం వారసులని గల్లా గీచీ అంటారు. వాళ్ళకి సొంత భాష ఉంది, సొంత వంట ఉంది. మెనూలో "లోకంట్రీ వంట" (ఈ తీరపు పల్లపు ప్రాంతం వంట) అని అందంగా రాసిన దానిలో చాలా భాగం వాళ్ళ చేతి వంటే.

కాబట్టి శుక్రవారం మధ్యాహ్నం గల్లా భోజనం పెట్టే చోటుకి వెళ్ళండి. ఊరికి ఉత్తరంగా మీటింగ్ స్ట్రీట్ రోడ్డులో బర్తాస్ కిచెన్ ఉంది. 2017లో, అమెరికాలో వంటకి పెద్ద అవార్డులిచ్చే జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ వాళ్ళు దీనికి అమెరికాస్ క్లాసిక్స్ అవార్డు ఇచ్చారు. డౌన్‌టౌన్ తూర్పు వైపు హానిబల్స్ కిచెన్ ఉంది, దానికి క్రాబ్ రైస్ పేరు. బయల్దేరే ముందు ఫోన్ చేసి తెరిచి ఉందో లేదో కనుక్కోండి. ఇలాంటి చోట్ల వేళలు మారుతుంటాయి, కొన్ని పాత హోటళ్ళు ఈ మధ్య మూతపడ్డాయి కూడా. లోపల మన కర్రీ పాయింట్‌లాగే ఉంటుంది. ఒక కూర, రెండు మూడు పక్క వంటలు ఎంచుకోవాలి. ట్రేలో పెట్టి ఇస్తారు.

ఇవి అడగండి:

రెడ్ రైస్. టమాటాలో ఉడికించిన అన్నం. పశ్చిమ ఆఫ్రికాలో టమాటాతో వండే జొలోఫ్ అన్నానికి చుట్టం, మన టమాటా రైస్‌కి దూరపు చుట్టంలా అనిపిస్తుంది. మసాలా తక్కువ, పొగ వాసన ఎక్కువ. ఆ పొగ వాసన సాధారణంగా పంది మాంసానిది, దాని సంగతి కింద చెప్తాను.

పర్లూ. పేరు చూసి గుర్తుపట్టారా? పలావే. పిలాఫ్, పులావ్, పర్లూ అన్నీ ఒకే మాట నుంచి వచ్చినవి. కోడితోనో రొయ్యలతోనో ఒకే గిన్నెలో దింపుతారు. ఒక్క లవంగం కూడా లేని పలావ్ ఎలా ఉంటుందా అని మొదట అనుమానపడ్డాను. చికెన్ రసం అన్నానికి పట్టి ఉంటుంది, అదే దాని రుచి.

ఓక్రా సూప్. బెండకాయ, టమాటా, మాంసం ముక్కలతో చేసే పులుసు లాంటిది, పులుపు మాత్రం ఉండదు. అన్నం మీద పోసుకుని తింటారు. జిగురు ఉంటుంది, దాన్ని వదిలించుకోవాలని వాళ్ళు అనుకోరు.

హాపిన్ జాన్. బొబ్బర్ల జాతి గింజలూ అన్నమూ కలిపి వండేది. జనవరి 1న ఆకుకూరతో కలిపి తింటే ఆ ఏడాది కలిసొస్తుందని నమ్మకం. మనకి ఉగాది పచ్చడి ఎలాగో వాళ్ళకి ఇది అలాగ.

టేబుల్ మీద పచ్చిమిరపకాయలు నానబెట్టిన వెనిగర్ సీసా కనిపిస్తే వదలకండి. అన్నిటి మీదా చల్లుకోవచ్చు. బ్యాగులో పచ్చడి సీసా తెచ్చుకున్న మా మామయ్య, అది దొరికాక సీసా మూత తియ్యలేదు.

తిన్నాక సాయంత్రం దాకా టైం ఉంటే ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం చూడండి. ఓడల్లో బానిసలని దించిన గ్యాడ్స్‌డెన్స్ వార్ఫ్ మీదే కట్టారు, 2023 జూన్‌లో తెరిచారు. మా నాన్న అక్కడి నుంచి బయటికి వచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పొద్దున తిన్న అన్నం వీళ్ళదేనా?" అని మాత్రం అడిగారు.

4. రాత్రి భోజనానికి: రొయ్యల గురించి ఒక ప్రశ్న అడగండి

పెద్ద రెస్టారెంట్‌లో కూర్చోగానే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "ఈ రొయ్యలు లోకలా?" అమెరికా దిగుమతి చేసుకునే రొయ్యల్లో చాలా భాగం మన దేశానివే, అందులో పెద్ద వాటా ఆంధ్రా చెరువులది. అడగకుండా ఆర్డర్ చేస్తే, 200 మైళ్ళు డ్రైవ్ చేసి చివరికి భీమవరం రొయ్యలే తిన్నట్టు అవ్వొచ్చు. మా అత్తయ్యది భీమవరం. ఒకసారి ఒక చోట రొయ్య కొరికి, "ఇది మన వనామీ బాబూ, ఫ్రిజ్‌లో పెట్టింది" అని తేల్చేశారు. వెయిటర్‌ని అడిగితే తలాడించాడు. లోకల్ అయితే గర్వంగా పడవ పేరుతో సహా చెప్పేవాళ్ళున్నారు. కళ్ళతో చూడాలంటే వంతెన దాటి మౌంట్ ప్లెజెంట్‌లో షెమ్ క్రీక్‌కి వెళ్ళండి, రొయ్యల పడవలు అక్కడే ఆగుతాయి.

ష్రింప్ అండ్ గ్రిట్స్ ఒకప్పుడు రొయ్యలు పట్టేవాళ్ళు పొద్దున్నే తినే చద్ది లాంటిది. ఇప్పుడు క్రీమ్, చీజ్, పంది మాంసం చేర్చి రాత్రి భోజనం చేశారు. ఇద్దరికి ఒకటి చాలు.

షీ క్రాబ్ సూప్ కూడా ఒకటి చెప్పి పంచుకోండి. ఆడపీత మాంసం, దాని నారింజ రంగు గుడ్లు, మీగడతో చేసే చిక్కటి సూప్. అందులో షెర్రీ అనే వైన్ పోస్తారు, ఇది మర్చిపోకండి. మందు ముట్టని పెద్దవాళ్ళు ఉంటే ముందే అడగండి. కొన్ని చోట్ల పైన పోసేది ఆపగలరు కానీ లోపల కలిపింది తీయలేరు.

ఫ్రాగ్‌మోర్ స్టూ అని కనిపిస్తే కప్పలని భయపడొద్దు. సెయింట్ హెలెనా దీవిలో ఫ్రాగ్‌మోర్ అనే ఊరి పేరు అది. రొయ్యలు, మొక్కజొన్న కంకులు, బంగాళాదుంపలు, సాసేజ్ కలిపి ఉడకబెట్టి, టేబుల్ మీద పేపర్ పరిచి గుమ్మరిస్తారు. చేత్తో తినాలి. మనకి నేర్పక్కర్లేదు.

పంది మాంసం తినేవాళ్ళయితే కింగ్ స్ట్రీట్‌లో రాడ్నీ స్కాట్ బార్బెక్యూకి వెళ్ళండి. మొత్తం పందిని రాత్రంతా నిప్పుల మీద కాల్చి, వెనిగర్, మిరప పొడి పులుసు పూస్తారు. ఆయనకి 2018లో జేమ్స్ బియర్డ్ అవార్డు వచ్చింది. కారం, పులుపు రెండూ మన నాలుకకి సరిపోతాయి.

ఆయిస్టర్లు తినాలనుకుంటే ఫాలీ బీచ్ దారిలో బోవెన్స్ ఐలండ్. పొద్దుగూకే ముందు చేరుకోండి. గుత్తులు గుత్తులుగా అతుక్కున్న వాటిని ఆవిరి పట్టి ట్రే నిండా ఇస్తారు, చిన్న కత్తితో మనమే విప్పుకోవాలి. అంచులు బ్లేడులా ఉంటాయి, చేతికి గుడ్డ చుట్టుకోండి. నాకైతే రుచి కన్నా ఉప్పునీటి చిత్తడి నేలల మీద సూర్యాస్తమయమే ఎక్కువ నచ్చింది.

5. శాకాహారులుంటే ఈ భాగం రెండుసార్లు చదవండి

ఇక్కడ కూరగాయ అంటే మాంసం లేనిదని అర్థం కాదు. కూరగాయని పంది మాంసంతో ఉడకబెట్టినా వాళ్ళ లెక్కలో అది కూరగాయే. మా నాన్నకి జరిగింది చెప్తాను. ఒక శనివారం ఒక చోట "ఇందులో మాంసం లేదు కదా" అని అడిగాం. లేదన్నారు. ఆకుకూర కాలర్డ్ గ్రీన్స్ తెప్పించాం. సగం తిన్నాక అడుగున గులాబీ రంగు ముక్క తేలింది. పంది కాలి ముక్క. వాళ్ళు మోసం చేయలేదు, వాళ్ళ దృష్టిలో అది మాంసం కాదు, పోపు! మా నాన్న ఆ రోజంతా నీళ్ళు తాగి ఉన్నారు.

కాబట్టి "మాంసం ఉందా" అని అడగకండి. విడివిడిగా అడగండి: హ్యామ్ ఉందా, బేకన్ ఉందా, చికెన్ స్టాక్ పోశారా, పంది కొవ్వు వాడారా, చేపలు వేయించిన నూనెలోనే వేయించారా. ఐదు ప్రశ్నలూ అడగడానికి మొహమాటం వేస్తుంది. అడగండి. "మా నాన్నగారు మతపరంగా తినరు" అని ఒక్క మాట చెప్తే వెయిటర్లు వంటింట్లోకి వెళ్ళి కనుక్కుని వస్తారు.

అనుమానించాల్సినవి: కాలర్డ్స్, బీన్స్, రెడ్ రైస్, హాపిన్ జాన్, లైమా బీన్స్. కార్న్‌బ్రెడ్, బిస్కట్ (ఇక్కడ బిస్కట్ అంటే మెత్తటి బన్ను లాంటిది) కూడా అడగాలి, కొన్ని చోట్ల పంది కొవ్వుతో చేస్తారు. గ్రిట్స్ నీళ్ళతోనో పాలతోనో వండారా, చికెన్ స్టాక్‌తోనా అన్నది కూడా.

కాస్త ధైర్యంగా తినగలిగేవి: పచ్చి టమాటా ముక్కలకి మొక్కజొన్న పిండి పట్టించి వేయించిన ఫ్రైడ్ గ్రీన్ టొమాటోస్, నూనె సంగతి అడిగాక. పిమెంటో చీజ్, అంటే తీపి ఎర్ర మిరప ముక్కలు కలిపిన చీజ్ ముద్ద. మాకరోనీ చీజ్. వేసవిలో "టొమాటో పై" అనే ఓవెన్ వంటకం, బేకన్ లేదని తేల్చుకున్నాక. హష్ పప్పీలు, అంటే మొక్కజొన్న పిండి పునుగులు, వీటికీ నూనె ప్రశ్న తప్పదు. పెద్ద రెస్టారెంట్లలో మెనూలో లేకపోయినా ఆ రోజు వచ్చిన కూరగాయలతో ఒక ప్లేట్ చేసిమ్మంటే చేస్తారు, బుక్ చేసేటప్పుడే చెప్తే ఇంకా మంచిది. గుడ్డు కూడా తినని వాళ్ళకి కష్టమే. హోటల్ గదిలో రైస్ కుక్కర్ పెట్టుకోవడంలో సిగ్గు లేదు.

6. బిల్లు, టిప్పు, కారు

రెస్టారెంట్ భోజనం మీద సేల్స్ ట్యాక్స్, హాస్పిటాలిటీ ట్యాక్స్ కలిపి 11 శాతం దాకా పడుతుంది. దాని మీద టిప్పు 20 శాతం. ఎక్కువ అనిపిస్తుంది కానీ ఈ రాష్ట్రంలో వెయిటర్‌కి యజమాని ఇవ్వాల్సిన కనీస జీతం గంటకి 2.13 డాలర్లే. వాళ్ళ ఇల్లు నడిచేది టిప్పుతో. ఆరుగురు దాటితే టిప్పు బిల్లులోనే కలిపేసే చోట్లు చాలా ఉన్నాయి. కార్డు ఇచ్చే ముందు బిల్లు అడుగున చదవండి, లేకపోతే రెండుసార్లు ఇస్తారు. మేము ఇచ్చాం.

ఇంకోటి, స్వీట్ టీ. చక్కెర పానకమే. "సగం స్వీట్, సగం అన్‌స్వీట్" అని అడిగితే కలిపి ఇస్తారు.

కారు గ్యారేజీలో పెట్టి నడవండి. డౌన్‌టౌన్‌లో డ్యాష్ అనే ఉచిత బస్సు తిరుగుతుంది. సముద్రం పోటు ఎక్కువున్న రోజుల్లో వాన లేకపోయినా కొన్ని వీధుల్లోకి నీళ్ళు వస్తాయి. ఫోన్‌లో పోటు వేళలు చూసుకుని కారు పెట్టండి.

7. తిరిగి వచ్చేటప్పుడు

రోడ్డు పక్కన "బాయిల్డ్ పీనట్స్" బోర్డు కనపడితే ఆపండి. పచ్చి పల్లికాయ ఉప్పు నీళ్ళలో గంటల తరబడి ఉడకబెట్టి వేడివేడిగా ఇస్తారు. 2006లో దీన్ని రాష్ట్ర చిరుతిండిగా చట్టం చేశారు. చట్టం లేకుండానే మనం ఎప్పటి నుంచో తింటున్నాం.

బెన్నె వేఫర్లు ఒక డబ్బా తీసుకోండి. బెంగళూరులో ఉన్నవాళ్ళకి బెన్నె అంటే వెన్న దోశ గుర్తొస్తుంది, ఇది అది కాదు. పశ్చిమ ఆఫ్రికా భాషల నుంచి వచ్చిన మాట, నువ్వులని అర్థం. పల్చగా, కరకరలాడుతూ, నువ్వుల చిక్కీకి బిస్కట్ తమ్ముడిలా ఉంటాయి. టైం ఉంటే వాడ్‌మలా దీవిలో తేయాకు తోట ఉంది, పిల్లలకి బాగుంటుంది.

చివరగా కరోలినా గోల్డ్ బియ్యం. 1865లో బానిసత్వం పోయాక, తుఫానుల దెబ్బలు, యంత్రాలతో పండించే రాష్ట్రాల పోటీ కలిసి ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ఈ సాగు ఆగిపోయింది. 1980ల్లో పక్క రాష్ట్రం జార్జియాలోని సవానాకి చెందిన రిచర్డ్ షుల్జ్ అనే కంటి డాక్టర్, వేటకి బాతులు వాలాలని, ప్రభుత్వ విత్తన నిధి నుంచి గింజలు తెప్పించి మళ్ళీ నాటాడు. ఇప్పుడు ఊళ్ళో చాలా షాపుల్లో చిన్న గుడ్డ సంచుల్లో అమ్ముతున్నారు. సోనా మసూరికి అలవాటు పడిన వాళ్ళు ధర చూసి వెనక్కి పెట్టేస్తారు, కానీ ఒక్క సంచి కొనండి. బాగా కడిగి, ఎక్కువ నీళ్ళలో వేసి, పలుకుండగానే వార్చండి. తర్వాత పళ్ళెంలో పరిచి, కాస్త వెన్న వేసి, ఓవెన్‌లో సన్నటి వేడి మీద కాసేపు ఆరనివ్వండి. గింజకి గింజ విడివిడిగా వస్తుంది. కుక్కర్‌లో పెడితే ముద్దవుతుంది, పెరుగన్నానికి అదీ బాగుంటుంది.

ఆ పక్కనే "మిడ్లిన్స్" అని ఇంకో సంచి ఉంటుంది. దంచేటప్పుడు విరిగిన గింజలు. నిండు గింజలు ఓడలెక్కి యూరప్ వెళ్ళేవి, ఇవి దంచినవాళ్ళకి మిగిలేవి. ఇప్పుడు వీటిని పెద్ద చెఫ్‌లు ఏరి కోరి కొంటున్నారు. అమ్మ సంచిని చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "నూకలు గదరా ఇవి. నూకలకు గింత ధరనా?" అంది. తిట్టుకుంటూనే రెండు సంచులు తీసింది. ఇంటికొచ్చాక పోపులో నాలుగు ఎండుమిరపకాయలు, గుప్పెడు పల్లీలు వేసి ఉప్మా చేసింది.